తునికాకు బీడీలోకి గుంటూరు పొగాకు ఎందుకు రాదు?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
మహారాష్ట్రలోని మా సిరోంచ, అహేరి తాలూకాల్లో ఎండలు ముదిరేసరికి ఊరంతా తునికాకుకు కదులుతుంది. ఇక్కడ కట్టకు 70 ఆకులు, నది దాటి తెలంగాణ కల్లాల్లోకి వెళితే 50. ఆ ఆకు నిజామాబాద్ వంటి చోట్లకు చేరి బీడీ అవుతుందని తెలుసు గాని, లోపల నింపే తంబాకు గుజరాత్ నుంచీ, కర్ణాటకలోని నిపాణి నుంచీ వస్తుందని ఈమధ్యే విన్నాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అంత పొగాకు పండుతుండగా దూరం నుంచి తెప్పించడానికి కారణం ధరేనా, ఆకులోనే తేడా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

బ్యారన్ రైతు (ప్రకాశం జిల్లా):
ధర కూడా కారణమే, కానీ అసలు సంగతి ఆకును ఆరబెట్టే పద్ధతిలో ఉంది. మా వైపు ప్రధానంగా పండేది సిగరెట్టుకు వెళ్ళే వర్జీనియా. పచ్చాకును కర్రలకు అల్లి బ్యారన్‌లో (ఆకును ఆరబెట్టే మూసిన గదిలో) వేలాడదీసి, గొట్టాల ద్వారా వేడి పంపి, 35 డిగ్రీల ప్రాంతం నుంచి మెల్లగా పెంచుతూ, చివరకు ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకెళతాము. మొదటి దశలో ఆకు పసుపెక్కుతూ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. వెంటనే తేమ లాగేస్తాము కనుక ఆ చక్కెర ఖర్చు కాకుండా నిలుస్తుంది, పొగ మెత్తగా ఉంటుంది. నత్రజని కూడా అదుపులోనే వేస్తాము, ఎక్కువైతే ఆకు పచ్చదనం వదలదు.

గుజరాత్‌లోని ఆనంద్, ఖేడా జిల్లాల రైతులకూ, నిపాణి రైతులకూ కావలసింది దీనికి పూర్తిగా భిన్నం. వారు ఎరువు ధారాళంగా వేసి, మొక్క తల తుంచి, పిలకలు గిల్లేస్తారు. వేర్లలో తయారయ్యే నికోటిన్ మిగిలిన ఆకుల్లోకే చేరుతుంది. తల తుంచడం మాకూ ఉంది గాని అంత ఘాటు మేము కోరుకోము. ఆకును బ్యారన్ లేకుండా ఎండలోనే నిదానంగా ఆరబెడతారు కాబట్టి చక్కెర పెద్దగా మిగలదు. ఆపైన నలగ్గొట్టి, జల్లెడ పట్టి రవ్వ చేస్తారు. ఒక బీడీలో పట్టేది సుమారు 0.2 గ్రాములే; అంత కొంచెంలో మా ఆకు నింపితే తాగేవారికి ఆనదు.

కార్ఖానా లెక్కలు (నిజామాబాద్):
పై వివరణ సరైనదే, కానీ ఆంధ్రలో బీడీ తంబాకు అసలు పండదని మాత్రం అనుకోకూడదు. నంద్యాల వైపు పండుతుంది, అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలో దాని రకాలపై పని కూడా జరిగింది. తునికాకు సంగతి ఒకటి చేర్చాలి: సిగరెట్టు కాగితంలా దానిలోంచి గాలి చొరబడదు, అందుకే పీల్చడం ఆపితే బీడీ ఆరిపోతుంది. తరచుగా గట్టిగా లాగవలసి రావడం ఆరోగ్యానికి మరింత చెరుపు; ఇంట్లో కూర్చుని రోజంతా చుట్టే ఆడవాళ్ళు పీల్చే తంబాకు ధూళి దానికి అదనం.

ప్రాణహిత ఒడ్డు:
ధన్యవాదాలు. మరి గోదావరి లంకల పొగాకు?

బ్యారన్ రైతు:
అది చుట్టకు. చుట్టకు పైన చుట్టేదీ పొగాకే కాబట్టి ఆకు చిరగకుండా, వెడల్పుగా, సాగే గుణంతో ఉండాలి. రవ్వ చేసే ఆకుకు ఆ నిబంధన లేదు.