రాత్రి అన్నం మానేసి, పొద్దున ఖాళీ కడుపుతో 80 కిలోమీటర్లు: 200 బ్రెవేకి ఇది పనికొస్తుందా?

మూసీగట్టు
ఎనిమిది వారాల్లో 200 బ్రెవే (గడువులోగా 200 కిలోమీటర్లు తొక్కాల్సిన సైకిల్ రైడ్) ఉంది, టైమ్ లిమిట్ పదమూడున్నర గంటలు. బరువు 78 కిలోలు. వారంలో మూడు రోజులు 30 కిలోమీటర్లు, ఆదివారం విజయవాడ హైవే మీద 80. రాత్రిపూట అన్నం బదులు రెండు పుల్కాలు, కూర. పొద్దున ఉత్త నీళ్లతో బయల్దేరడం. 60 దాటాక కాళ్లు లాగేస్తున్నాయి, ఇంటికొచ్చాక సాయంత్రం దాకా తిండి ఆగట్లేదు. ఇలాగే కొనసాగించాలా, మార్చాలా?

హ్యాండిల్‌బార్
మార్చండి. ఇది కాళ్ల లోపం కాదు, తిండి లోపం. కండరాల్లో, కాలేయంలో కలిపి దాచుకోగలిగే గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) సుమారు 500 గ్రాములు, అంటే 2,000 కేలరీలు. రాత్రి నిద్రలో మెదడు వాడుకునేది కాలేయంలో ఉన్నదాన్నే. పొద్దున తినకపోతే ఆ లోటుతోనే బండెక్కుతారు.

200కి లెక్క చూడండి. సగటున 120 వాట్లతో 9 గంటలు తొక్కితే పెడల్ మీద పడే పని దాదాపు 3,900 కిలోజౌళ్లు. ఒక కేలరీ అంటే నాలుగు కిలోజౌళ్ల పైచిలుకు, కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పావు వంతో, ఇంకాస్త తక్కువో మాత్రమే పెడల్ దాకా చేరుతుంది కాబట్టి కేలరీల అంకె కూడా ఇంచుమించు అంతే. కొవ్వు కొంత ఆదుకుంటుంది, మిగతాది దారిలో తినాల్సిందే.

ఆరింటికి స్టార్ట్ అయితే నాలుగింటికి నాలుగు ఇడ్లీలు, ఒక పెద్ద అరటిపండు. పిండిపదార్థం సుమారు 70 గ్రాములు వస్తుంది, కిలో బరువుకి దాదాపు ఒక గ్రాము. పల్లీ చట్నీ తగ్గించండి, నూనె కడుపులో నిలిచిపోతుంది. రైడ్‌లో 750 మిల్లీలీటర్ల బాటిల్‌కి పంచదార 45 గ్రాములు, ఉప్పు 1 గ్రాము, అర నిమ్మకాయ. చెంచాలతో కాదు, వంటింటి తూకం మీద. గంటకొక బాటిల్, రెండు గంటలకొక అరటిపండు.

రాగిసంకటి
గంటకి 45 అంటే తొమ్మిది గంటలకి 405 గ్రాముల పంచదార! ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తం కేలరీల్లో చక్కెర పది శాతం దాటొద్దంటోంది. 2,000 కేలరీలకి అది 50 గ్రాములు. ఎనిమిది రోజుల కోటా ఒక్క పూటలో తాగమంటారా?

హ్యాండిల్‌బార్
ఆ పరిమితి మామూలు రోజుల తిండికి. పెడల్ తిరుగుతున్నంతసేపూ కండరం రక్తంలోని గ్లూకోజ్‌ని ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే లాక్కుంటుంది. కుర్చీలో కూర్చుని తాగే పంచదార, 120 వాట్ల దగ్గర తాగే పంచదార ఒకటి కావు.

రాత్రిలైటు
పంచదార బదులు ఓఆర్‌ఎస్ కలిపితే సరిపోదా అన్నా?

హ్యాండిల్‌బార్
సరిపోదు. లీటరు ప్యాకెట్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది విరేచనాలకి మందు, ఉప్పు, నీరు నిలబెట్టడానికి చేసింది. ఎండలో ఉప్పు కోసం ఒకటి తాగండి, శక్తి మాత్రం విడిగా చూసుకోవాలి. ఉత్త గ్లూకోజ్ పొడి కూడా గంటకి 60 గ్రాములు దాటితే పేగుల్లో ఆగిపోయి కడుపు ఉబ్బుతుంది. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. రెండింటికీ పేగుల్లో దారులు వేరు, అందుకే తేలిగ్గా దిగుతుంది.

రాగిసంకటి
405 గ్రాములకి ఇంకా జవాబు రాలేదు. ఇడ్లీ, ఉడికించిన బంగాళాదుంప, పులిహోర ఉండగా పంచదారే ఎందుకు?

కృష్ణాతీరం
పులిహోర మంచిదే, కట్టే తీరు తెలియాలి. వండిన అన్నం 100 గ్రాములకి పిండిపదార్థం 28 గ్రాములు. నూనె సగానికి తగ్గించి, పల్లీలు, శనగపప్పు పూర్తిగా మానేసి, కాస్త మెత్తగా వండి గట్టిగా ఉండ నొక్కి బటర్ పేపర్‌లో చుట్టాలి. పప్పులుంటే నమిలేటప్పుడు ఊపిరి అందదు, బండి ఆపాల్సి వస్తుంది. చింతపండు పులుపు, ఉప్పు ఉన్నాయి కాబట్టి ఉత్త అన్నం కంటే ఆగుతుంది. అయినా జెర్సీ జేబులో వీపు వేడికి మూడు నాలుగు గంటలకి మించి నమ్మొద్దు. పెరుగన్నం జేబులో వద్దే వద్దు.

హ్యాండిల్‌బార్
రాగిసంకటి గారూ, ఇడ్లీతో అయితే గంటకి ఐదు కావాలి, తొమ్మిది గంటలకి 45. ఎవరు నములుతారు? మొదటి సగం గట్టి తిండి, వంద దాటి ఎండెక్కాక నోరు ఎండిపోతుంది, అప్పుడు బాటిలే దిక్కు. ఇదే వేదికలో ఇది మూడోసారి రాస్తున్నాను. ప్రతిసారీ మీరు పంచదార దగ్గరే ఆగిపోతున్నారు, కింద రాసింది చదవరు.

రాగిసంకటి
చదివాకే రాస్తున్నాను. మీరే చదవట్లేదు! మీ సలహా చూసి జనం 30 కిలోమీటర్ల రైడ్‌కి కూడా పంచదార నీళ్లు నింపుకుని పోతున్నారు. వారానికి మూడు రోజులు 45 గ్రాములు. ఆ లెక్క మీరు ఎప్పుడైనా వేశారా?

హ్యాండిల్‌బార్
30 కిలోమీటర్లకి నింపమని నేనెక్కడా రాయలేదు. గంటన్నర లోపు నెమ్మదిగా తొక్కే రైడ్‌కి నీళ్లు చాలు, అది ఖాళీ కడుపుతో చేసినా నష్టం లేదు. నేనన్నది మూడున్నర గంటలు పట్టే 80 గురించి. అనని మాట నా నెత్తిన రుద్దకండి.

రాగిసంకటి
సరే, అసలు మాట చెబుతాను. నా గొడవ 200 రోజు గురించి కాదు. షుగర్ అంచున ఉన్నావు, పొట్ట తగ్గించు అని డాక్టర్ చెబితే సైకిల్ కొన్నవాళ్లు ఇక్కడ చాలామంది. మూసీగట్టు గారు రాత్రి అన్నం ఎందుకు మానేశారో మీరు అడగనే లేదు. బ్రెవే కోసం ఎవరూ అన్నం మానరు. ముందు బరువు తగ్గనివ్వండి, బ్రెవే వచ్చే సీజన్‌లో చేయొచ్చు.

మూసీగట్టు
నిజమే. పది కిలోలు తగ్గాలని మొదలుపెట్టాను. షుగర్ లేదు, మందులేం వాడట్లేదు. రెండూ కావాలనుకున్నాను.

హ్యాండిల్‌బార్
ఇది మొదటి పోస్టులో ఉంటే సగం గొడవ ఉండేది కాదు. రెండూ అవుతాయి, ఒకే రోజు కావు. రైడ్ లేని రోజుల్లో రోజూ తినేదాంట్లో 300, 400 కేలరీలు తగ్గించండి. ఆ రోజుల్లో పుల్కాలు సరే. శనివారం రాత్రి మాత్రం అన్నం, పప్పు కడుపునిండా. ఆదివారం ముందు ఆకలితో తొక్కి తర్వాత సాయంత్రం దాకా తింటే మిగిలేది ఏముంది? మాంసకృత్తులు రోజుకి కిలోకి 1.6 గ్రాములు, మీకు సుమారు 125. గుడ్డులో 6 గ్రాములే, కాబట్టి ప్రతి పూటా పెసరట్టో, పప్పో, చికెనో ఉండాలి. బాటిల్ ఒకేసారి 45తో మొదలెట్టకండి. ఈ ఆదివారం గంటకి 30, వారానికి పది చొప్పున పెంచండి. పేగులకీ అలవాటు కావాలి.

సీలేరు
ఆడవాళ్లకి ఒక మాట. తిండి తగ్గించి తొక్కేటప్పుడు నెలసరి తప్పితే కొవ్వు కరుగుతోందని సంతోషించకండి, ఒంటికి శక్తి చాలట్లేదని అర్థం. ముందు తిండి పెంచండి, డాక్టర్‌ని కలవండి.

రాగిసంకటి
షుగర్‌కి ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్‌గానీ వాడేవాళ్లు ఈ బాటిల్ లెక్కలు సొంతంగా పాటించొద్దు. రైడ్ మధ్యలో షుగర్ పడిపోయే ప్రమాదం వాళ్లకి ఎక్కువ. మందు మోతాదు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఎనిమిది వారాల్లో 200 తొందరే అన్న మాట మీద మాత్రం నేను ఉన్నాను.

హ్యాండిల్‌బార్
80 తొక్కుతున్నవాళ్లకి తొందర కాదు.

మూసీగట్టు
శనివారం రాత్రి అన్నం, ఆదివారం గంటకి 30 గ్రాములతో మొదలెడతాను. బండికి బాటిళ్లు రెండే పడతాయి, రెండు గంటల తర్వాత ఎలా?

కృష్ణాతీరం
పంచదార, ఉప్పు తూచి చిన్న జిప్ కవర్లలో కట్టుకోండి, ఒక్కో బాటిల్‌కి ఒక్కోటి. చౌటుప్పల్ దాటాక ఏ హోటల్ దగ్గరైనా నీళ్లు పట్టి కవర్ చింపి పోయడమే. కవర్ మూల కత్తిరిస్తే సన్నని మూతిలోకి ఒలకకుండా దిగుతుంది. ఇంటికొచ్చిన వెంటనే మూత ముక్కు విప్పి, వేడి నీళ్లు, బ్రష్‌తో కడగండి. పొద్దుటిదాకా బండికే వదిలేస్తే లోపల పులిసి నల్లగా బూజు పడుతుంది. వచ్చే ఆదివారం కడుపు పాడైతే జనం పంచదారని తిడతారు.