సంగటి కెలికితే పగులుతున్న మట్టిపొయ్యి: ఏం చేయమంటారు?

నమస్కారమండీ. మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉండే ఐదుగురు తెలుగువాళ్ళం. నెలకు రెండు శనివారాలు బాగేపల్లి దగ్గర ఓ ఊరికెళ్ళి పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిలు కడుతున్నాం, మరుగుదొడ్లకు గుంతలు తవ్విస్తున్నాం. కర్ణాటకే అయినా అక్కడ ఇంటింటా తెలుగే, కాబట్టి మాటతో ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా పొయ్యితోనే. బెంగళూరు ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ) పుట్టిన 'అస్త్ర ఒలె' అనే పొయ్యి మాదిరిగా మూడు గిన్నెలు పట్టేలా కట్టాం. బంకమట్టి, ఇసుక, పేడ, తరిగిన గడ్డి కలిపాం. పది రోజులు బాగానే ఉంది. మొన్న ఓ అవ్వ సంగటి కెలుకుతుంటే పక్కనే కూర్చున్నా. ఒంటి బలమంతా కట్టె మీదే మోపుతుంది కదా, నొక్కినప్పుడల్లా కుండ ఆనే అంచు దగ్గర వెంట్రుకంత పగులు కాస్త విచ్చుకుని, అందులోంచి పొగ ఆమె కళ్ళలోకే వస్తోంది. "పాత మూడు రాళ్ళే నయం నాయనా" అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అంచుకు ఇనుప కమ్మీ చుట్టాలా, ఇటుక వరస పెట్టాలా? వేడికి ఇనుము సాగి మట్టిని ఇంకా చీలుస్తుందేమోనని నా భయం.

ఇంకొకటి. రెండు గుంతల మరుగుదొడ్డికి మూడడుగులకే బండ తగిలింది. లోతు తగ్గించి వెడల్పు పెంచితే నీళ్ళు ఇంకుతాయా? ఊరి బోరు దగ్గర్లోనే ఉంది, అదే నా దిగులు. అనంతపురం, చిత్తూరు వైపు రాతినేలల్లో కట్టించినవాళ్ళు దయచేసి చెప్పండి. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం.