కక్ష్యలో అణుబాంబు: 1967 ఒప్పందం సరిపోతుందా?

ధ్రువతార:
2024 ఏప్రిల్‌లో భద్రతామండలిలో అమెరికా, జపాన్ ఒక తీర్మానం పెట్టాయి. కక్ష్యలో అణ్వాయుధాలు ఉంచబోమని 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలో దేశాలు రాసుకున్నదాన్నే మళ్లీ గట్టిగా చెబుదామని. 13 దేశాలు సరేనన్నాయి, చైనా తటస్థం, రష్యా వీటో. ఉపగ్రహాలను దెబ్బతీసే అణ్వాయుధం రష్యా తయారు చేస్తోందని అమెరికా ఆరోపణ, పుతిన్ కాదన్నారు. ఆ ఉద్దేశమే లేకపోతే వీటో దేనికి?

గోదారబ్బాయి:
సగమే చెప్పారండీ. అణ్వాయుధాలే కాదు, అసలు ఏ ఆయుధమూ అంతరిక్షంలో వద్దని రష్యా, చైనా సవరణ అడిగాయి. అది నెగ్గలేదు. 1967 ఒప్పందం కక్ష్యలో వద్దన్నది సామూహిక విధ్వంస ఆయుధాలనే, మామూలు వాటిని కాదు. 2019 జనవరిలో శ్రీహరికోట నుంచి పంపిన ఉపగ్రహాన్ని మార్చిలో మిషన్ శక్తి పేరుతో మనమే కూల్చాం. మనం చేస్తే సత్తా, వాళ్లు చేస్తే ముప్పా?

ధ్రువతార:
రెంటికీ పోలికే లేదు. మనం కొట్టింది దాదాపు 300 కి.మీ. ఎత్తులో. శకలాలు కొన్ని ఇంకా పైకి ఎగిరినా, ఎక్కువ భాగం త్వరగానే కిందికి దిగి కాలిపోయాయి. అణు పేలుడుకు తన, పర తేడా ఉండదు. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కి.మీ. ఎత్తులో 1.4 మెగాటన్నుల బాంబు పేల్చింది, స్టార్‌ఫిష్ ప్రైమ్ అని. ఎక్కడో 1,400 కి.మీ. అవతల హవాయిలో వీధిదీపాలు ఆరిపోయాయి. అసలు దెబ్బ ఆ తర్వాత. పేలుడులో పుట్టిన ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని రేడియేషన్ పట్టీలా నిలిచిపోయాయి. బ్రిటన్ మొదటి ఉపగ్రహం ఏరియల్-1 దెబ్బతింది. మర్నాడు ఎగిరిన టెల్‌స్టార్ కొన్ని నెలలకే మూగబోయింది. అది అమెరికాదే! ఇప్పుడైతే పైన వేల ఉపగ్రహాలు, మనవీ ఉన్నాయి.

సందేహాలరావు:
వీటో లేకపోయినా ఒరిగేదేముంది? ఉపగ్రహంలో ఏముందో చూసే తనిఖీ ఆ ఒప్పందంలో లేదు. 1960ల్లో సోవియట్లు అణుబాంబు మోసేందుకు చేసిన ఒక రాకెట్ పరీక్షించారు. కక్ష్యలోకి ఎక్కి, చుట్టు పూర్తికాకముందే దిగేస్తుంది. పూర్తి చుట్టు తిరగలేదు, లోపల బాంబూ లేదు కాబట్టి ఉల్లంఘన కాదని అమెరికాయే సర్దుకుంది. పోనీ తనిఖీ పెడదాం. మన సైనిక ఉపగ్రహాన్ని శ్రీహరికోటలో విదేశీయులు విప్పి చూస్తామంటే ఒప్పుకుంటారా ధ్రువతార గారూ?

ధ్రువతార:
విప్పడానికి ఒప్పుకోను, విప్పక్కర్లేదు కూడా. మధ్యశ్రేణి క్షిపణులను తొలగించేందుకు అమెరికా, సోవియట్లు 1987లో చేసుకున్న ఐఎన్ఎఫ్ ఒప్పందం కింద అమెరికా ఇన్‌స్పెక్టర్లు సోవియట్ క్షిపణి గొట్టాలను తెరవకుండానే బయటి నుంచి, లోపలి అణుపదార్థం వెదజల్లే న్యూట్రాన్లను పసిగట్టే డిటెక్టర్‌తో చూసేవారు. అన్ని దేశాల లాంచ్‌ప్యాడ్‌ల దగ్గరా అలాంటిది పెడతామంటే నాకు సరే, శ్రీహరికోటతో సహా.