మామునూరులో మందు కొట్టే విమానం పెడితే తప్పేంటి?

రన్‌వే_1930:
చలికాలంలో కాన్సస్‌లో మా అల్లుడు ఊరి బయట చిన్న ఎయిర్‌ఫీల్డ్ చూపించాడు. నరమానవుడు లేడు. పొలాలకు మందు కొట్టే పసుపు రంగు ఎయిర్ ట్రాక్టర్ విమానం ఒకటి తాళ్లతో కట్టేసి ఉంది. ఇంజిన్‌కు గుడ్డ కప్పారు, రెక్కల కింద వరసగా నాజిళ్లు. పొలాల్లో పని మొదలయ్యేదాకా అంతేనట. పెద్ద మోడల్ ట్యాంకులో 3,000 లీటర్ల దాకా పడుతుంది. మన వరంగల్ మామునూరులో నిజాం నాటి రన్‌వే మీద 1981 తర్వాత సర్వీసులే లేవు. కొత్త ఎయిర్‌పోర్టు తయారయ్యేలోపు ఇలాంటిది ఒకటి తెచ్చి పత్తికి, మిర్చికి మందు కొట్టించవచ్చు కదా?

చాయ్_బండి:
ఫొటో పెట్టండి సార్.

గెట్టు_మీద:
అన్నా, అక్కడ పొలం చివర కంటికి ఆనదు. నాది ఎకరంన్నర చెల్క. ఒక గెట్టు అవతల పసుపు, ఇంకో గెట్టు అవతల తాగునీటి బావి. పైనుంచి కొడితే నా మిర్చి మీద ఎంత పడుతుంది, వాళ్ల మీద ఎంత పడుతుంది? కేరళ కాసరగోడ్‌లో జీడితోటల మీద హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కొట్టారు, అక్కడి పిల్లల గతి ఏమైందో చూశాం. అయినా 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మందు తక్కువై తోటలు పోయాయా? పువ్వు లోపల దాక్కునే పురుగు అది.

రన్‌వే_1930:
నేను ఎండోసల్ఫాన్ కొట్టమన్నానా? మా తమ్ముడు తైవాన్ పంపు వీపున వేసుకుని మందు కొడుతూ కళ్లు తిరిగి చేలోనే పడిపోయాడు. మూతికి తువ్వాలే మాస్కు. విమానమైతే ఆ బాధ ఉండదు. మనకూ హెచ్‌ఏఎల్ వాళ్ల మందు కొట్టే విమానం బసంత్ ఉండేది, 1972లోనే ఎగిరింది.

డ్రోన్_అక్క:
తువ్వాల బాధకు డ్రోన్ ఉంది కదా. మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీ ఇస్తున్నారు. పది లీటర్ల ట్యాంకు, గెట్టు దాటకుండా కొట్టవచ్చు.

రన్‌వే_1930:
పది లీటర్లు ఏ మూలకు? 3,000 ఎక్కడ, 10 ఎక్కడ!

గెట్టు_మీద:
మళ్లీ లీటర్లే! బసంత్ తయారీ 1980కే ఆగిపోయింది, నలభై కూడా చేయలేదు. మీకు విమానం మోజు, మధ్యలో రైతు పేరు ఎందుకు?

రన్‌వే_1930:
మీకు ఎయిర్‌పోర్టు అంటేనే మంట. మొన్న వేరే థ్రెడ్‌లోనూ ఇదే గోల.

గెట్టు_మీద:
అవును, మంటే. రన్‌వే పొడిగించడానికి 253 ఎకరాలు, 205 కోట్లు అని పేపర్లో చదివి మీరు చప్పట్లు కొట్టారు. ఆ 253లో నా ఎకరంన్నర కూడా ఉంది. బావి పోతుంది, మిర్చి పోతుంది. పోయే చేనుకు మందు ఎలా కొట్టాలో నన్నే అడుగుతున్నారు.

రన్‌వే_1930:
ఆ సంగతి ముందే చెప్పాల్సింది తమ్మీ. కానీ ఎయిర్‌పోర్టు వస్తే మన పిల్లలు శంషాబాద్ దాకా...

గెట్టు_మీద:
మీ పిల్లలు.

చాయ్_బండి:
3,000 లీటర్లంటే ఎయిర్ ట్రాక్టర్‌లో 802 మోడలే కదా? 502కి అంత పట్టదు.