నెలసరి ఆగి ఎనిమిదేళ్లయినా ఆవిర్లు తగ్గట్లేదు

కూకట్‌పల్లి అక్క:
వయసు 56. ఛాతీలోంచి సెగ లేచి మొహానికి ఎక్కుతుంది, చెమట, ఆ వెంటనే చలి. రాత్రిళ్లు నైటీ మార్చుకోవాల్సి వస్తోంది. పై అంతస్తు, కూలర్ ఉంది. రెండేళ్లలో అదే పోతుందన్నారు! సోయా మాత్రలు పనిచేస్తాయా? హార్మోన్లంటే భయం.

తార్నాక నర్సు:
రెండేళ్ల లెక్క అందరికీ వర్తించదక్కా. సగటున ఏడేళ్లు, కొందరికి పదేళ్లు దాటినా ఉంటాయి. ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గాక, ఒంటి వేడి కాస్త పెరిగినా మెదడు చెమట పట్టించేస్తుంది. వేడి నిజంగానే బయటికి పోతుంది కాబట్టే ఆ చలి. అప్పుడు రగ్గు కప్పుకుంటే మళ్లీ సెగ మొదలు. పల్చటి కాటన్ దుప్పట్లు రెండు పెట్టుకోండి, ఒక్కొక్కటే తీయొచ్చు.

తలుపులన్నీ మూసి కూలర్ పెడుతున్నారా? గదిలో తేమ నిండి చెమట ఆరదు. కూలర్ కిటికీ దగ్గర ఉండాలి, ఎదురు తలుపు తెరిచుండాలి. వానలు మొదలయ్యాక పంపు ఆపి గాలి మాత్రమే వాడండి. పాలిస్టర్ నైటీ అసలొద్దు.

మలక్‌పేట ఫార్మసిస్ట్:
సోయాకి డబ్బులు దండగ. 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ కూడా దాన్ని సిఫారసు చేయలేదు.

హార్మోన్లు 60 ఏళ్ల లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెడితే ముప్పు కంటే మేలు ఎక్కువ. మీకింకా గడువుంది. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదు, లోపలి పొర మందమై క్యాన్సర్ రావచ్చు. ప్రొజెస్టరాన్ కలపాల్సిందే. తీసేసినవాళ్లకి (మన దగ్గర ఆ ఆపరేషన్లు మరీ ఎక్కువ) సాధారణంగా ఈస్ట్రోజన్ చాలు. రక్తపు గడ్డల ముప్పు మాత్రలకంటే ఒంటికి రాసే జెల్‌తో తక్కువ. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తపు గడ్డ, కాలేయ జబ్బు వచ్చినవాళ్లకి మామూలుగా ఇవ్వరు.

హార్మోన్లు వద్దంటే వెన్లాఫాక్సిన్ (డిప్రెషన్‌కీ వాడే మందు) 37.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. బీపీ చూసుకుంటూ ఉండాలి, ఉన్నట్టుండి మానితే తల తిరుగుతుంది. బాధంతా రాత్రే అయితే పడుకునే ముందు గాబాపెంటిన్ (నరాల నొప్పికీ వాడే మందు) 300 మిల్లీగ్రాములు. పొద్దున మత్తుగా ఉండొచ్చు. రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ వాడేవాళ్లకి మాత్రం ఆవిర్లకి ఇచ్చే పారోక్సెటిన్ పడదు, టామోక్సిఫెన్ పని చెడగొడుతుంది. ఏదైనా డాక్టరు చీటీ మీదే.

కూకట్‌పల్లి అక్క:
కూలర్ తలుపు మూసే పెడుతున్నాం! బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నా, దానివల్ల కూడా వస్తాయా?

తార్నాక నర్సు:
మొహం ఎర్రబడి వేడెక్కడం దానితోనూ ఉంటుంది. మోతాదు పెంచాకే ఎక్కువైందా చూసుకోండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. గైనకాలజిస్ట్ దగ్గరికి మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి, థైరాయిడ్ తెలిసే టీఎస్‌హెచ్ పరీక్ష అడగండి. చెమటతోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష కూడా. మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా స్కానింగ్‌కి ఆలస్యం చేయొద్దు.