లివర్ క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు ఎన్‌ఎల్‌ఆర్ లెక్క ఇంట్లోవాళ్ళకి చెప్పాలా, వద్దా?

కృష్ణాతీరం: హెపటైటిస్ బి ఉన్న మా నాన్నగారికి లివర్‌లో గడ్డ తీశారు. ఏడాది తర్వాత చూస్తే మళ్ళీ వచ్చింది, అదీ పెద్దదై. ఆపరేషన్ ముందటి సీబీపీ రిపోర్టు ఇప్పుడు తీశాను. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 13 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6, ఇదే ఎన్‌ఎల్‌ఆర్. ఇది ఎక్కువున్నవాళ్ళకి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని ఎన్నో పరిశోధనల్లో తేలింది. పైసా ఖర్చులేని లెక్క. మాకెందుకు చెప్పలేదు?

ల్యాబ్‌మనిషి: ఒక్క రిపోర్టు పట్టుకుని ఏం తేలుస్తారండీ? పంటికి చీము పట్టినా, స్టెరాయిడ్ వాడినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. ఎక్కువ అనడానికి హద్దు కూడా ఒక పరిశోధనలో 2, ఇంకోదాంట్లో 5.

కృష్ణాతీరం: ఆయనకి చీమూ లేదు, స్టెరాయిడూ లేదు.

సుధ: ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ చూస్తే సరిపోదా?

ల్యాబ్‌మనిషి: సీఆర్‌పీని తయారుచేసేదే లివర్. సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడే జబ్బు, ముదిరితే అది పెరగాల్సినంత పెరగదు. ప్లేట్‌లెట్లని లింఫోసైట్స్‌తో భాగించే లెక్కా అంతే. ప్లీహం ఉబ్బితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, లెక్క తక్కువొస్తుంది, బాగుందనుకుంటాం. గడ్డ సైజు, సంఖ్య, సన్నటి రక్తనాళాల్లోకి పాకిందా లేదా, ముందు ఇవి చూడాలి.

కృష్ణాతీరం: పాకిందో లేదో గడ్డ తీసి పరీక్షకి పంపాకే కదా గట్టిగా తెలిసేది! నేనడిగేది ముందు సంగతి.

వేపచెట్టు: 6 అని తెలిస్తే ఆపరేషన్ మానేసేవారా?

కృష్ణాతీరం: లేదు. స్కాన్లు మాననిచ్చేవాణ్ణి కాదు.

ల్యాబ్‌మనిషి: ఓహో, స్కాన్లు మానేశారా! ఎన్‌ఎల్‌ఆర్ 2 ఉన్నా మొదట్లో మూణ్ణాలుగు నెలలకోసారి స్కాన్, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేయించాల్సిందే. ఐదేళ్ళలో సగానికి పైగా మందికి తిరగబెడుతుంది. మీరు మానేసి సీబీపీని తప్పుపడితే ఎలా?

కృష్ణాతీరం: మాట జాగ్రత్త. మానింది నా వల్ల కాదు. ఆ సగం మంది సంగతి డాక్టర్ మా అన్నయ్యకి చెప్పారట. "నాన్న బెంగపెట్టుకుంటారు" అని వాడు ఎవరికీ చెప్పలేదు. నాన్న జబ్బు పోయిందనుకున్నారు. స్కాన్‌కి పిలిస్తే "నాకేమైందిరా" అని కసిరారు.

సుధ: మీ అన్నయ్యని తప్పుపట్టలేను. మా అత్తయ్యకి ఉన్నది ఉన్నట్టు చెప్పాక అన్నం ముట్టలేదు.

కృష్ణాతీరం: అన్నం మానేస్తే బతిమాలి తినిపిస్తాం. తెలియక స్కాన్ మానేస్తే ఏం చేస్తాం? ఒళ్ళు ఆయనది, అన్నయ్యది కాదు.

ల్యాబ్‌మనిషి: ఆ మాట ఒప్పుకుంటా. కానీ నేనైతే తిరగబెట్టొచ్చు, స్కాన్ తప్పదు అని చెబుతా. ఆ 6 మాత్రం చెప్పను. ఉత్త టెన్షన్.

కృష్ణాతీరం: నేను రెండూ చెబుతా.