అప్‌డేట్: థార్‌తో మొద్దులు పీకే సంగతి

గుంటూరు గోరంట్లలో మా పెరట్లోని మునగ, సుబాబుల్, కొబ్బరి మొద్దుల్ని ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) థార్ జీపుతో లాగొచ్చా అని అడిగాను కదా. కొబ్బరి తప్ప మిగతావి వచ్చేశాయి.

మునగ లెక్కలోకే రాదు. గొడవంతా సుబాబుల్‌తోనే. దాని తల్లివేరు లోతుగా దిగుతుంది, పైగా మాది నల్లరేగడి, ఎండితే సిమెంటే. రాత్రి నీళ్లు పెట్టి, పొద్దున్నే చుట్టూ గునపంతో తవ్వించి, పక్కవేర్లు గొడ్డలితో నరికించాం. కాండం నడుమెత్తు వదలడం బాగా కలిసొచ్చింది. లాగే పట్టాని (బలమైన బెల్టుని) మోడు పైభాగానికి కడితే ఆ మోడే మీటలా పనిచేసి వేరును పెకలిస్తుంది. కింద కడితే శ్రమంతా బండికే.

"గొలుసు వేసి ఒక్క ఊపు ఊపు" అన్నవాళ్లకి: వద్దు బాబూ! గొలుసు తెగితే అద్దం పగలగొట్టుకుని లోపలికొస్తుంది. మేం వెడల్పు పట్టాని ఛాసిస్ హుక్కుకి తగిలించి (బంపర్‌కి కాదు), 'ఫోర్ లో'లో (నాలుగు చక్రాలకీ వేగం తగ్గించి బలం పెంచే సెట్టింగు), మొదటి గేరులో మెల్లగా బిగించాం. పట్టా మీద తడి గోనెసంచి వేశాం, తెగినా ఎగరకుండా. చక్రాలు ఉన్నచోటే తిరిగిపోతే ఆపేసి మళ్లీ వేరు నరకడమే. పిల్లల్ని మేడమీదికి తోలేశాం, అక్కణ్ణుంచి వీడియో తీశారు.

కొబ్బరికి తల్లివేరే ఉండదు. సన్నటి వేర్లు కుప్పలుగా మట్టిని పట్టుకుంటాయి, ఏది నరకాలో తెలీదు. క్లచ్ కాలిన వాసన రాకముందే ఆపేశాను. దానికి జేసీబీయే. మా గేటులోంచి దూరుతుందో లేదో కొలవాలి.